అమ్మ విడాకుల కేసు ఓ.పీ. నంబరు కోసం: నా అనుభవం

మా అమ్మకు కుటుంబ పింఛను మంజూరు కావాలంటే ఆమె విడాకుల డిక్రీకి కోర్టు ముద్ర ఉన్న ధ్రువీకృత నకలు కావాలని పింఛను కార్యాలయం వారు చెప్పారు. తాతయ్య తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మమ్మ కుటుంబ పింఛను తీసుకునేది. 2022లో ఆమె కూడా పోయింది. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల ప్రకారం, ఉద్యోగి గానీ ఆయన జీవిత భాగస్వామి గానీ బతికి ఉండగా విడాకులు మంజూరై ఉంటే, తల్లిదండ్రుల మీద ఆధారపడి జీవించిన కూతురు కుటుంబ పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2017లో వచ్చిన ఉత్తర్వుతో, వారి జీవితకాలంలో కేసు దాఖలై, తీర్పు వారు పోయిన తరువాత వచ్చినా సరిపోతుందన్నారు. అమ్మకు విడాకులు వచ్చింది 1996లో. అర్హత విషయంలో సందేహమేమీ లేదు. కాగితం లేకపోవడమే మా సమస్య.

నిజానికి ఆ కాగితం ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇరుపక్షాలకూ ఒక్కొక్క ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. అమ్మకూ ఇచ్చారు. రెండుసార్లు ఇళ్లు మారడంలో అది ఎక్కడో పోయింది. మిగిలింది ఒక జిరాక్సు, అదీ రెండో పేజీ మాత్రమే. అందులో 'వివాహము రద్దు చేయబడినది' అన్న అర్థమిచ్చే వాక్యం, ఖర్చుల పట్టిక, సగం మాసిన సంతకం ఉన్నాయి. కేసు నంబరు గానీ తేదీ గానీ లేవు.

విడాకుల కేసు కనుక నేను నేరుగా మా జిల్లా కేంద్రంలోని ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాను. అది నా మొదటి పొరపాటు, దానికి ఒక రోజు సెలవు ఖర్చయింది. కౌంటరులోని ఉద్యోగి సంవత్సరం అడిగి, "తొంభై ఆరా? అప్పటికి ఈ కోర్టే లేదమ్మా" అన్నారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లోనే అయినా, ఆ కోర్టులు అన్ని ఊళ్లలో ఒకేసారి ఏర్పడలేదు. పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాల్లో తప్పనిసరిగా పెట్టాలనీ, మిగతా ప్రాంతాల్లో అవసరాన్ని బట్టి పెట్టవచ్చుననీ చట్టం చెబుతుంది. అంతకుముందు మా వైపు ఇలాంటి పిటిషన్లు సబ్ కోర్టులో, అంటే ఇప్పుడు సీనియర్ సివిల్ జడ్జి కోర్టు అని పిలిచే చోట, ఓ.పీ.లుగా (ఒరిజినల్ పిటిషన్లుగా) దాఖలయ్యేవి. కొత్తగా ఫ్యామిలీ కోర్టు ఏర్పడినప్పుడు అప్పటికి పెండింగులో ఉన్న కేసులు మాత్రమే దానికి బదిలీ అవుతాయి. అప్పటికే తీర్పు వచ్చి మూతపడిన కేసుల కట్టలు పాత కోర్టు రికార్డులోనే ఉండిపోతాయి. కాబట్టి పాత రికార్డు కోసం వెతికేవారు తమ కేసు తేలిన సంవత్సరాన్నీ, ఆ ఊళ్లో ఫ్యామిలీ కోర్టు ఏర్పడిన సంవత్సరాన్నీ ముందు పోల్చి చూసుకోవాలి. జిల్లాలు విడిపోయిన చోట్ల ఇది మరింత అవసరం, ఎందుకంటే నేటి జిల్లా కేంద్రంలో నాటి కేసు ఉండకపోవచ్చు.

ఆ సాయంత్రం ఈ-కోర్టుల వెబ్‌సైటులో ప్రయత్నించాను. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి, పరిష్కారమైన కేసులలో వెతికాను. అమ్మ పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాశాను. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి. ఏమీ రాలేదు. రాకపోవడంలో ఆశ్చర్యం కూడా లేదు, ఎందుకంటే ఆ ప్రాజెక్టు మొదలైందే 2007లో. అంతకు పదకొండేళ్ల ముందే మా కేసు ముగిసింది. ఇటీవలి కేసులైతే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఒక్కటి చేతిలో ఉంటే చరిత్ర అంతా తెర మీద కనిపిస్తుంది. పాత కేసుకు మాత్రం రిజిస్టరే దిక్కు, ఆ రిజిస్టరు తెరిపించాలంటే నంబరో, కనీసం దాఖలైన సంవత్సరమో చెప్పాలి.

అమ్మ తరఫున వాదించిన వకీలు చాలా కాలం కిందటే చనిపోయారు. ఆయన దగ్గర పనిచేసిన గుమాస్తా ఇంకా కోర్టు ఆవరణలోనే టైపు మిషను పెట్టుకుని కూర్చుంటున్నారని తెలిసి వెళ్లి కలిశాను. ఆయనకు అమ్మ గుర్తుంది, కేసు గుర్తుంది, నంబరు మాత్రం గుర్తులేదు. "ఇంట్లో మధ్యంతర భరణం కాగితాలేమైనా ఉన్నాయేమో చూడమ్మా. ఐ.ఏ. మీద ఓ.పీ. నంబరు తప్పకుండా ఉంటుంది" అన్నారు. కేసు నడుస్తుండగా వేసే ఉప దరఖాస్తును ఐ.ఏ. అంటారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు పనికొచ్చిన సలహా అదే.

మా నాన్న మొదట్లో కోర్టుకు వచ్చారు, కొన్ని నెలలు మధ్యంతర భరణం పంపారు, తరువాత రావడం మానేశారు. అందుకే కేసు చివరకు ఎక్స్ పార్టీగా, అంటే ఎదుటి పక్షం హాజరు లేకుండానే, తేలింది. ఆ కొన్ని నెలల భరణమూ మనియార్డరులో వచ్చేది. అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున, తాతయ్య పింఛను పుస్తకం పక్కన, రబ్బరుబ్యాండు వేసిన మనియార్డరు కూపన్ల కట్ట దొరికింది. రబ్బరుబ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. డబ్బు పంపేవారు నాలుగు మాటలు రాసుకోవడానికి కూపను మీద కొద్దిగా చోటు ఉండేది కదా, ఆ చోటులో నాన్న నీలి సిరాతో 'ఓ.పీ.' అని రాసి, నంబరు వేసి, గీటు పెట్టి '93' అని రాసి, 'ఐ.ఏ. ఉత్తర్వు ప్రకారం ఏప్రిల్ నెలకు' అని ముగించారు. క్షేమమా అన్న మాట లేదు. తపాలా శాఖలో జీవితమంతా పనిచేసిన తాతయ్య అలాంటి కూపన్లను పారేయనిచ్చేవారు కాదని అమ్మ అంది. ఆయన అలవాటే మమ్మల్ని గట్టెక్కించింది.

నంబరు చేతికొచ్చాక పని సులువవుతుందనుకున్నాను. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో కాపీయింగ్ సెక్షనుకు వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. అక్కడి సీనియర్ అసిస్టెంటు దానిని చదివి రెండు ప్రశ్నలు వేశారు. "మీరు పార్టీనా? మీకు కావలసింది జడ్జిమెంటా, డిక్రీయా?"

రెండో ప్రశ్నకు జవాబు అక్కడే నేర్చుకున్నాను. నేను దరఖాస్తులో 'విడాకుల ఆర్డరు' అని రాశాను. ఆ పేరుతో కోర్టులో కాగితమేదీ లేదు. న్యాయమూర్తి కారణాలతో రాసేది జడ్జిమెంటు. దాని ఆధారంగా, ఎవరికి ఏమి మంజూరైందో మాత్రమే చెబుతూ తయారుచేసేది డిక్రీ. పింఛను కార్యాలయం అడిగింది డిక్రీ. అయినా రెండూ అడగమని ఆ అసిస్టెంటే చెప్పారు, ఎందుకంటే ఒక కార్యాలయం డిక్రీ చాలంటే మరొకటి జడ్జిమెంటు కూడా తెమ్మంటుంది, అప్పుడు మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

మొదటి ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. కేసులో పార్టీలు అమ్మ, నాన్న. వారి కూతురినైనా కోర్టు దృష్టిలో నేను మూడో వ్యక్తిని. మూడో వ్యక్తికి నకలు కావాలంటే, ఎందుకు కావాలో చెబుతూ ప్రమాణపత్రం జతచేసి, న్యాయమూర్తి అనుమతి పొందాలి. నాకు మొదట కోపం వచ్చింది, ఆ తరువాత ఆలోచిస్తే నియమం సబబేననిపించింది. వైవాహిక వివాదాల విచారణ గోప్యంగా జరగాలనీ, ఆ వివరాలను ప్రచురించకూడదనీ హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అలాంటి కట్టను అడిగిన ప్రతివారి చేతిలో పెట్టేస్తే ఆ సెక్షనుకు అర్థం ఉండదు. సమాచార హక్కు కింద అడిగితే వారం తిరక్కుండా వస్తుందని మా బంధువు ఒకాయన గట్టిగా చెప్పారు గానీ, కోర్టు రికార్డుల నకళ్లను కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలి తప్ప సమాచార హక్కు చట్టం కింద కాదని సుప్రీంకోర్టు 2020లోనే గుజరాత్ హైకోర్టు నియమాలకు సంబంధించిన కేసులో తేల్చింది. అమ్మ సంతకంతో దరఖాస్తు పెట్టడం కంటే దగ్గరి దారి లేదు. మర్నాడు అమ్మనే తీసుకెళ్లాను. ఇరవై ఏడేళ్ల తరువాత ఆ మెట్లు ఎక్కుతూ, అప్పుడు ఈ చెట్టు లేదని మాత్రం అంది.

దరఖాస్తులో కోర్టు పేరు, ఓ.పీ. నంబరు, సంవత్సరం, ఇరుపక్షాల పేర్లు, కావలసిన కాగితాలు, ఎందుకు కావాలో రాసి, కోర్టు ఫీ స్టాంపు అంటించి ఇచ్చాము. డిక్రీ తేదీ మా దగ్గర లేదు కనుక దాని కోసం ముందు రిజిస్టరు చూడవలసి వచ్చింది. దాఖలైన సంవత్సరం రిజిస్టరులో మా నంబరు వరుసను వెతికి, చివరి గడిలో కేసు తేలిన తేదీ పట్టుకున్నారు. ఆ తేదీని బట్టే రికార్డు రూములో కట్టను తీస్తారట. అందువల్ల నంబరుతో పాటు తీర్పు తేదీ కూడా తెలిస్తే కనీసం ఒక తిరుగుడు తగ్గుతుంది. మా దరఖాస్తుకు సి.ఏ. (కాపీ అప్లికేషన్) నంబరు వేసి, కాగితం ముక్క మీద రాసి ఇచ్చారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. నకలు తీయడానికి ఎంత అవుతుందో లెక్కకట్టిన తరువాత, చార్జీలు కట్టవలసిన సి.ఏ. నంబర్ల జాబితాను నోటీసు బోర్డు మీద పెడతారు. ఎవరూ ఫోను చేయరు, ఉత్తరం రాయరు. దరఖాస్తుదారో, ఆయన గుమాస్తానో వచ్చి చూసుకోవాలి. గడువులోగా డబ్బు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. ఈ సంగతి తెలియక నేను ఫోను కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్నాను. రెండు వారాలకు వెళ్లేసరికి మా నంబరు ఎదురుగా 'కొట్టివేయబడినది' అని ఉంది. అందరికీ తెలిసిన పద్ధతి కనుక ఎవరూ చెప్పలేదు. తెలియదు కనుక నేను అడగలేదు. రెండోసారి దరఖాస్తు పెట్టి, ఆ పాత గుమాస్తాకే చెప్పి, రోజూ బోర్డు చూడమన్నాను. మూడో రోజు ఆయన ఫోను చేశారు, ఆ మధ్యాహ్నమే చార్జీలు కట్టేశాను.

కట్ట దొరకడానికి మరికొన్ని రోజులు పట్టింది. పాత కేసుల్లో కొన్ని రకాల కాగితాలను నిర్ణీత కాలం తరువాత నాశనం చేస్తారని విని భయపడ్డాను గానీ, మా కట్టలో జడ్జిమెంటు, డిక్రీ రెండూ భద్రంగానే ఉన్నాయి.

ధ్రువీకృత నకలు చివరి పేజీ వెనక ఐదు తేదీలు వేసి ఉన్నాయి: దరఖాస్తు చేసిన రోజు, చార్జీలు అడిగిన రోజు, కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, ఇచ్చిన రోజు. అప్పీలు చేసేవారికి ఈ తేదీలు ప్రాణం, ఎందుకంటే నకలు పొందడానికి పట్టిన కాలాన్ని గడువు లెక్కలోంచి తీసివేయడానికి కాలపరిమితి చట్టం (లిమిటేషన్ యాక్ట్) వీలు కల్పిస్తుంది. మాకు వాటితో పనిలేదు. అయినా నేను ఒకటికి రెండుసార్లు చదివాను. ముద్ర స్పష్టంగా పడిందా, ప్రతి పేజీ మీద సంతకం ఉందా, అమ్మ పేరు పింఛను కాగితాల్లో ఉన్నట్టే ఉందా అని కౌంటరు దగ్గరే నిలబడి చూసుకున్నాను. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది. ఆ తేడాకు విడిగా ఒక ప్రమాణపత్రం ఇవ్వవలసి వచ్చింది.

జడ్జిమెంటు రెండో పేరాలో, ఈ దాంపత్యంలో ఒక ఆడపిల్ల కలిగినదనీ, ఆ పిల్ల పిటిషనరు సంరక్షణలో ఉన్నదనీ ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. నకలు అడగడానికి అర్హత లేని మూడో వ్యక్తి ఆ పిల్లే. అమ్మకు ఆ వాక్యం చదివి అర్థం చెప్పాను. ఆమె తలాడించి, డిక్రీ ఏదో చూపించమంది.

పింఛను కార్యాలయం వారు అసలును చూసి, జిరాక్సును ఫైలులో పెట్టుకుని, రసీదు ఇచ్చారు. ఆ అసలు ప్రతి ఇప్పుడు ట్రంకుపెట్టెలో, ఆ మనియార్డరు కూపను పక్కనే ఉంది.