కావలి ఊళ్ళో మా మిద్దె ఇల్లు: ఈ ఏటి పిట్ట గూళ్ళ చిట్టా

ఫిబ్రవరి
నడవలో ఫ్యాన్ రాడ్డు పైన ఉండే గిన్నెలాంటి కప్పులోకి పిచ్చుకలు గడ్డి మోస్తున్నాయి. స్క్రూ వదులై కప్పు కిందికి జారింది. సీలింగ్‌కీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందు, వాటికి అది చాలు. ఇంకా గుడ్లు పెట్టలేదు. మెయిన్ ఆపి, గడ్డి లాగేసి, కప్పును సీలింగ్‌కి ఆనించి బిగించాం.

గుడ్లు పడ్డాక ఈ పని చెయ్యకూడదు. రోజుకొకటి చొప్పున 3 నుంచి 5 గుడ్లు, పొదగడానికి 11–14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అంటే నెల రోజులు ఆ ఫ్యాన్ లేనట్టే లెక్క. స్విచ్ మీద టేపు అంటించాలి. నోటిమాటగా చెబితే చుట్టాలొచ్చిన రోజు ఎవరో ఒకరు వేసేస్తారు.

సందు మూస్తే సరిపోదు, పక్కనే ఇంకో చోటు చూపించాలి. లేకపోతే ట్యూబ్‌లైటు పట్టీ మీదికో, మీటర్ పెట్టెలోకో పోతాయి. ఆ చోటు ఒక గూటి పెట్టె. 12 మి.మీ. మందం చెక్కతో దాని కొలతలు: వెనక పలక 174 × 300, ముందు పలక 174 × 220, పక్కలు రెండు 150 × 220, అడుగు 150 × 150, కప్పు 200 × 230 మి.మీ. ముందు పలకలో అడుగు నుంచి 150 మి.మీ. ఎత్తున 32 మి.మీ. కన్నం. అంతకు మించితే గోరింకలు ఆక్రమించే ప్రమాదం. కన్నం కింద పుల్ల బిగించొద్దు, అది కాకికి ఆసరా. అడుగున 6 మి.మీ. బెజ్జాలు నాలుగు. లోపల రంగు, వార్నిష్ వద్దు. వెనక పలక పొడుగు ఉంచింది గోడకు స్క్రూలు దించడానికే.

పెట్టెను తూర్పు గోడకు, సన్‌షేడ్ కింద, 9 అడుగుల ఎత్తున బిగించాం. పడమటి గోడకు మాత్రం వద్దు. రోహిణి కార్తె ఎండకు లోపల పిల్లలు మాడిపోతాయి.

మార్చి
ఏసీ పైపు కన్నంలో గోరింకలు. పైపుల కంటే కన్నం పెద్దగా కొట్టి, చుట్టూ పూడ్చకుండా వదిలేస్తే వచ్చే తంటా ఇది. గడ్డితో ఆగవు, పైపు మీది నల్ల ఫోమ్ కూడా పీకుతాయి. ఫోమ్ పోయిన చోట నీరు చెమర్చి గోడ నానుతుంది. అప్పటికే లోపల పిల్లల అరుపులు. అందుకని ఏమీ కదపలేదు. గోరింకకు గుడ్డు నుంచి ఎగిరేదాకా ఆరు వారాలు వేసుకోవాలి.

ఏప్రిల్ చివర
గోరింక పిల్లలు ఎగిరాయి. వెంటనే మూయాలి, జాగు చేస్తే రెండోసారి గుడ్లు మొదలు. మూసే ముందు పొద్దున్నే అరగంట గమనించాలి. పెద్దవి పురుగు నోట కరుచుకుని లోపలికి పోతుంటే ఇంకా పిల్ల ఉన్నట్టే. పాత గూడును పొడిగా ఊడ్చకూడదు, రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మాస్కు, గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్ళు చిలకరించి, నానాక తియ్యాలి. ఆలస్యమైతే గూట్లోని మైట్లు (కంటికి ఆనని పురుగులు) గదిలోకి పాకి ఒళ్ళంతా దద్దుర్లు. తర్వాత కొత్త ఫోమ్ చుట్టి, అర అంగుళం కన్నుల ఇనుప జాలీ కుక్కి, దాని మీద సిమెంటు. థర్మోకోల్ పెడితే ముక్కుతో పొడిచి లాగేస్తాయి.

మే
బట్టల తీగకు తేనెపిట్ట గూడు. జరిపితే తల్లి వెతుక్కోలేదు, కాబట్టి బట్టలకే వేరే తీగ. మల్లె కుండీలో పిగిలిపిట్ట, మూడు గుడ్లు. నీళ్ళు గ్లాసుతో కుండీ అంచునే పోయాలి. మధ్యాహ్నం ఎండ పడుతుంటే గూటికి రెండడుగుల పైన పాత పంచె కట్టాలి, ఆకులు మాత్రం కత్తిరించొద్దు. రోజూ తొంగి చూడడం మానాలి: మనం వెళ్ళే చోటును కాకి కనిపెడుతుంది.

ఈకలు రాని పిల్ల కింద పడితే ఎత్తి గూట్లో పెట్టొచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదన్నది ఒట్టి మాట. ఈకలొచ్చి గెంతే పిల్లను పిల్లికి అందని కొమ్మ మీద ఉంచితే చాలు.

మీటర్ పెట్టెలో గడ్డి కనిపిస్తే చెయ్యి పెట్టకండి. లోపల కరెంటు, పైన సీలు. లైన్‌మన్‌ను పిలవాల్సిందే.

మిగిలిన పని: పడమటి వెంటిలేటర్‌కు జాలీ. అందులో పావురాలు రెండు గుడ్లు పెట్టాయి. పొదగడానికి 18 రోజులు, పిల్లలకు ఇంకో నెల. అక్టోబరు వానలకు ముందే అది ఖాళీ అవుతుంది. పిచ్చుకల పెట్టె స్క్రూలు కూడా అప్పుడే బిగించాలి, తుపాను గాలికి ఊడకుండా.