ఎరుపు తెలియని ఫిల్ముతో బతుకమ్మను తీస్తే

శిబ్బిలో (ఇత్తడి పళ్ళెంలో) పేర్చిన బతుకమ్మను మూకీ కాలపు తరహా ఫిల్ము మీద తీస్తే తంగేడు వరస ఒక మోస్తరు బూడిద రంగులో వస్తుంది. నీలి కట్లపూలు పాలిపోయి తెల్ల గునుగులో కలిసిపోతాయి. సీతమ్మజడ మాత్రం బొగ్గులా నల్లబడుతుంది. రంగులద్దిన గునుగు పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పువ్వు అదే, ఆకారమూ అదే, కానీ ఎరుపద్దింది నలుపు, నీలమద్దింది తెలుపు. ఆ కాలపు కెమెరా లోకాన్ని ఎలా చూసిందో తెలుసుకోవడానికి వరంగల్‌లో ఇంతకు మించిన రంగుల పట్టిక లేదు.

వెండి లవణాలు తమంతట తాముగా నీలం, ఊదా కాంతికే స్పందిస్తాయి. వాటికి కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఆకుపచ్చ కూడా పడుతుందని 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ కనిపెట్టాడు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఆ దారిలో వచ్చిందే. పసుపు దాకా చూస్తుంది, ఎరుపు దగ్గర దానికి చూపు లేదు. ఎరుపునూ చూసే పాంక్రొమాటిక్ ఫిల్ము సినిమాల్లో మామూలు వాడకంలోకి వచ్చింది 1920ల్లో. కొడాక్ తన ఆర్థో సినిమా ఫిల్మును ఆపేసింది 1930లో. అంటే 1921 నాటి తెలుగువారి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ', ఆ మరుసటేడు బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ హైదరాబాదులో పెట్టిన లోటస్ ఫిల్మ్ కంపెనీ, ఇవన్నీ ఆర్థో రోజుల నాటివి. నీలాకాశం ఉతికిన బట్టలా తెల్లగా, పెదవులు నల్లగా, చర్మం మీది ఎర్ర మచ్చలు ముదురుగా పడేవి. నటుల ముఖాలకు అంత మందంగా లేత రంగు పూయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు తీసి చూడాలంటే ఇల్ఫర్డ్ కంపెనీ ఆర్థో ప్లస్ ఫిల్ము 35 ఎం.ఎం.లోనూ, 120 సైజులోనూ ఉంది. ఎండలో దాని వేగం, అంటే వెలుగును పట్టే శక్తి, ఐఎస్ఓ 80, పాతకాలపు తీగ బల్బు పసుపు వెలుగులో 40. ఈ రెండో అంకెను మరవకండి, చాలామంది దెబ్బతినేది దాని దగ్గరే. బతుకమ్మ ఆడేది సాయంత్రం. పొద్దుగూకే వేళ వెలుగులో ఎరుపు పెరుగుతుంది, వెలుగు కొలిచే మీటరు ఆ ఎరుపును కూడా లెక్కపెట్టి వెలుగు సరిపోయిందంటుంది, ఫిల్ముకేమో అది కనబడదు. మీటరు చూపినదానికి ఒక స్టాప్ (అంటే రెండింతల వెలుగు), బాగా పొద్దువాలితే రెండు స్టాపులు (నాలుగింతలు) ఎక్కువివ్వాలి. వీలైతే మధ్యాహ్నం పూలు పేర్చేటప్పుడే తీయండి. మబ్బులు కనబడాలంటే పసుపు ఫిల్టరు పెట్టవచ్చు. ఎర్ర ఫిల్టరు పెడితే రీలంతా ఖాళీగా వస్తుంది.

మూకీ ఫ్రేములా రావాలంటే షట్టరు 1/30 సెకనులో పెట్టండి. ఆనాటి చేతితో తిప్పే సినిమా కెమెరాలో పిడి ఒక చుట్టు తిరిగితే 8 ఫ్రేములు, సెకనుకు 2 చుట్లు, అంటే 16 ఫ్రేములు. షట్టరు బిళ్ళ సగం తెరిచి ఉంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు తగిలేది 1/32 సెకను. నిండు ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/22 సరిపోతుంది. చప్పట్లు కొట్టే చేతులు కాస్త చెరిగినట్టు వస్తాయి. మూకీ సినిమాలో ఏ ఒక్క ఫ్రేమును ఆపి చూసినా కనబడే చెరుపు అదే.

రామప్ప గుడి దగ్గర జాగ్రత్త. గుడి గోడలది ఎర్రటి ఇసుకరాయి, మదనికలది, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ బొమ్మలది, నల్లరాయి. కంటికి అంత అందంగా విడివిడిగా కనబడే ఆ రెండూ ఆర్థో మీద ఒకదానికొకటి దగ్గరైపోయి, బొమ్మ గోడలో కలిసిపోతుంది. వెలుగు పక్కనుంచి పడే వేళ చూసుకుని, నీడ అంచులతో బొమ్మను విడదీయాలి.

డెవలప్ చేసేటప్పుడు ముదురు ఎర్ర సేఫ్‌లైట్ (ఫిల్మును చెడగొట్టని దీపం) పెట్టుకుని బొమ్మ పైకి తేలడం కళ్ళారా చూడవచ్చు. పాన్ (పాంక్రొమాటిక్) ఫిల్ముతో ఈ భాగ్యం లేదు. బజారులో దొరికే ఎర్ర జీరో బల్బును మాత్రం పరీక్షించకుండా నమ్మొద్దు. చీకట్లో ఫిల్ము ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి, నాలుగడుగుల దూరంలో ఆ బల్బును 5 నిమిషాలు వెలిగించి, ముక్కను డెవలప్ చేయండి. బిళ్ళ ఆకారం కనబడితే ఆ బల్బు పనికిరాదు. ఇక మన ఎండాకాలపు నల్లా నీళ్ళు 30 డిగ్రీలు దాటిపోతాయి. బొమ్మను తేల్చే మందు నీళ్ళు, డెవలపర్, 20 దగ్గర ఉండాలి. ఐసు ముక్కలు అందులో వేస్తే పలచబడుతుంది, సీసానే ఐసునీళ్ళ టబ్బులో నిలబెట్టండి. 24 డిగ్రీల కంటే కిందికి దించలేకపోతే, 20 దగ్గర పట్టే సమయంలో సుమారు 70 శాతం ఇస్తే చాలు. ఫిక్సరు (బొమ్మను నిలబెట్టే మందు), కడిగే నీళ్ళు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి. చల్లటి డెవలపర్‌లోంచి తీసి వేడి నీళ్ళలో వేస్తే ఎమల్షన్, అంటే ఫిల్ము మీది వెండి లవణాల పూత, ముడతలు పడుతుంది, ఆ ముడతలు మళ్ళీ పోవు. బోరు నీళ్ళ సున్నం మరకలు పడకుండా చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో కానివ్వండి.

ఒకసారి ఈ చూపు అలవాటైతే ఇంట్లో ఉన్న పాత ఫొటోలనూ చదవవచ్చు. గడప కనబడే ఫొటో దొరికితే అదృష్టమే. పసుపూ కుంకుమా రెండూ నల్లబడి, గడప ఒకే ముదురు పట్టీలా ఉంటే అది నీలమొక్కటే చూసే తొలినాటి ప్లేటు కావచ్చు. బూడిద రంగు పట్టీ మీద నల్లటి చుక్కలుంటే ఆర్థో. పట్టీ తేటగా ఉండి, చుక్కలు నలుపుకు తిరగకుండా మసకగా ఉంటే పాన్. దీన్నిబట్టి ఏడాది మాత్రం తేల్చకండి. సినిమాలు వదిలేశాక కూడా ఫొటో స్టూడియోలు ఆర్థో ప్లేట్లు వాడాయి. బొట్టును చూసి తేల్చడం ఇంకా ప్రమాదం. అది చాదు బొట్టైతే ఏ ఫిల్ము మీదైనా నల్లగానే ఉంటుంది.