నొప్పి నాదే, లెక్కా నాదే

నెలసరి నొప్పి గురించి మా చిత్తూరు వైపు పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే: పెళ్ళయితే సర్దుకుంటుంది. పెళ్ళయ్యాక అదే మాట, బిడ్డ పుడితే సర్దుకుంటుందని మారుతుంది. బిడ్డ కలగకపోవడానికి ఆ నొప్పి వెనకున్న జబ్బే కారణం కావచ్చని చెప్పినవాళ్ళు నాకు ముప్పై దాటేదాకా దొరకలేదు.

నా జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే సంచి బయట కూడా పెరుగుతుంది. అండాశయాల మీద, ట్యూబుల చుట్టూ, గర్భసంచికీ పేగుకీ మధ్య ఎక్కడైనా రావచ్చు. నెలనెలా మారే హార్మోన్లకు అదీ స్పందిస్తుంది. అక్కడ వాపు వస్తుంది, మచ్చలు కడతాయి, పక్కపక్క అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి, అంటే ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతమందికి ఉన్న జబ్బును కనిపెట్టడానికి ఏళ్ళకేళ్ళు పడుతోందనీ చెబుతోంది. ఎందుకు పడుతుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా అమ్మ కఠినమైన మనిషి కాదు. వాము కాచి ఇచ్చేది. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పొత్తికడుపు మీద పెట్టేది. పక్కనే కూర్చుని, "కొంచెం ఓర్చుకోవాల మే, ఆడపుట్టుక పుట్టినాక తప్పతాదా" అనేది. ఇంటర్‌లో పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడిపోతే, ఉదయం ఏమీ తినలేదు కాబట్టి అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇలాంటి మాటలు మళ్ళీ మళ్ళీ విన్న పిల్లకు ఒక అలవాటు అవుతుంది. నొప్పి రాగానే ఎదుటివాళ్ళ మొహం చూస్తుంది. వాళ్ళు నమ్మితే నొప్పి ఉన్నట్టు, నమ్మకపోతే తనకే ఓర్పు తక్కువైనట్టు. తర్వాత డాక్టర్ల గదుల్లోనూ నేను అలాగే కూర్చున్నాను. "నొప్పి ఎక్కువగా ఉంటుందా?" అని అడిగితే "మామూలుగానే ఉంటుంది మేడమ్" అనేదాన్ని. మామూలంటే ఎంతో నాకు తెలియదు. అందరికీ ఇంతే ఉంటుందనుకున్నాను.

పెళ్ళయి తిరుపతికి వచ్చాను. హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఏడాది గడిచాక ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో "ఏమ్మా, విశేషమా?" అన్న ప్రశ్న మొదలైంది. అందరికీ నావైపు చూసే అడగాలనిపించేది, మా ఆయన వైపు చూసి ఎవరూ అడగలేదు. పరీక్షలు కూడా నాతోనే మొదలయ్యాయి. ఆయనకు వీర్య పరీక్ష చేయించాలని నేను పట్టుబట్టాల్సి వచ్చింది. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. సూదులు, లోపలి స్కాన్లు అన్నీ ఆడమనిషికి అయ్యాక ఆఖర్న చేయాల్సిన పరీక్ష కాదది. ఆయన మొదట మొహమాటపడ్డారు, తర్వాత వచ్చారు. రిపోర్ట్ బాగానే ఉంది.

నా రిపోర్టులు మాత్రం ఒక్కోటి ఒక్కో మాట చెప్పాయి. స్కాన్ నార్మల్ అన్నారు. నెలసరి మొదలైన 21వ రోజున, గుడ్డు విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరీక్ష చేసి, గుడ్డు విడుదల కావడం లేదన్నారు. గుడ్ల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్షలో అంకె కొంచెం తక్కువగా వస్తే, గుడ్లు అయిపోతున్నాయి, టైమ్ వేస్ట్ చేయొద్దు, ఐవీఎఫ్‌కు, అంటే ల్యాబ్‌లో పిండం కట్టించే చికిత్సకు, వెళ్ళండి అన్నారు. ఆ సాయంత్రం తిరుచానూరు రోడ్డులో ఆటోలో కూర్చుని, నా ఒళ్ళు నాకు తెలియకుండా ఎప్పుడో ఆగిపోయిందని ఏడ్చాను. ఇన్నేళ్ళుగా నొప్పి గురించి నామీద నాకే నమ్మకం లేదు. ఇప్పుడు మిగతా ఒంటి మీద కూడా పోయింది.

నోటుపుస్తకం రాయడం అప్పుడే మొదలుపెట్టాను. పిల్లలకు గ్రాఫులు గీయించే పుస్తకమే ఒకటి తీసుకున్నాను. ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరినీ అడగక ముందే రాయాలి, ఎవరైనా ఏదైనా అన్నాక దాన్ని దిద్దకూడదు. పొద్దున మంచం దిగకముందు నాలుక కింద థర్మామీటర్ పెట్టి చూసిన టెంపరేచర్ ఒక గడిలో రాసేదాన్ని. తెల్లబట్ట ఎలా ఉందో ఇంకో గడి. గుడ్డు విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను మూత్రంలో చూపే, మందుల షాపులో దొరికే ఎల్‌హెచ్ కిట్‌లో గీత ముదిరిందా లేదా అన్నది మరొకటి. చివర వెడల్పాటి గడి నొప్పికి: ఎక్కడ, ఏ పని చేస్తుంటే, మాత్ర వేసుకుంటే తగ్గిందా.

కొన్ని నెలలు రాశాక ఒక సంగతి బయటపడింది. నా నెలసరి 28 రోజులది కాదు, 34 రోజుల దగ్గర నడుస్తుంది. 18, 19 రోజుల్లో తెల్లబట్ట గుడ్డు తెల్లసొనలాగా వేళ్ళ మధ్య సాగుతుంది. ఆ వెంటనే కిట్‌లో గీత ముదురుతుంది. తర్వాత రెండు రోజులకు టెంపరేచర్ కాస్త పెరిగి, మళ్ళీ నెలసరి దాకా దిగదు. అంటే గుడ్డు విడుదలవుతోంది, 20వ రోజు చుట్టుపక్కల. ప్రొజెస్టిరాన్ పరీక్ష గుడ్డు విడుదలైన వారానికి, అంటే రాబోయే నెలసరికి వారం ముందు చేయాలి. 28 రోజుల వాళ్ళకు అది 21వ రోజు. నాకు 27. నేను 21వ రోజున రక్తం ఇస్తే తక్కువ రాక ఏమవుతుంది? ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించి, 27వ రోజు పరీక్ష చేయిస్తారా మేడమ్ అని అడిగాను. ఆవిడ పేజీలు తిప్పి చూసి రాసిచ్చారు. రిపోర్ట్‌లో అండం విడుదలైనట్టే వచ్చింది.

ఆ కాగితం ఒక జబ్బునేమీ తగ్గించలేదు. కానీ నా కళ్ళతో చూసి రాసుకున్నది ల్యాబ్‌లో నిజమని తేలడం నాకు అదే మొదటిసారి. అప్పటిదాకా చిన్నగా రాసుకుంటున్న నొప్పి గడిని ఆ రోజు నుంచి పెద్ద అక్షరాలతో రాశాను.

ఏఎంహెచ్ సంగతీ ఆవిడే విడమరచి చెప్పారు. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని గుడ్లు రావచ్చో అది సూచిస్తుందట. గుడ్డు నెలనెలా విడుదలవుతున్న మనిషికి మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత ఏడుపు తప్పేదో! దయచేసి ఆ అంకె ఒక్కటే చూసి బెదిరిపోకండి.

ఆవిడే నన్ను వేలూరులో ఈ జబ్బు బాగా తెలిసిన డాక్టర్ దగ్గరికి పంపారు. అపాయింట్‌మెంట్ సరిగ్గా గంగజాతర వారంలో దొరికింది. జాతర చాటింపు అయ్యాక ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని తిరుపతిలో పెద్దల కట్టడి. ఆ వారంలో నేను ఊరు దాటడం మా అత్తకు ఏమాత్రం నచ్చలేదు. "ఇప్పుడే పోవాల్నా? జాతర అయినాక పోతే ఏమి?" అంది. అంతకుముందైతే మానుకునేదాన్ని. "తెల్లారి బస్సుకు పోయి పొద్దుగూకే లోపల వచ్చేస్తాను అత్తా, అమ్మవారి కట్టు తప్పను, నా అపాయింట్‌మెంటూ తప్పను" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి టిఫిన్ క్యారియర్‌లో పెరుగన్నం కట్టి పెట్టి ఉంది.

వేలూరు డాక్టర్ రిపోర్టుల కన్నా ముందు నన్ను అడిగారు. నెలసరి రోజుల్లో మోషన్‌కు వెళ్ళేటప్పుడు నొప్పి వస్తుందా? భార్యాభర్తలు కలిసినప్పుడు లోపల లోతుగా నొప్పి ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఎవరూ అడగలేదు, ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు. నోటుపుస్తకంలో మాత్రం నెలనెలా ఉన్నాయి. "మొదటి రోజు, బాత్రూమ్‌లో గోడ పట్టుకోవాల్సి వచ్చింది" అని ఒక పేజీలో ఉంటే ఆయన దాని మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా నాకు కావాల్సింది" అన్నారు. పల్చగా పరుచుకున్న మచ్చలు మామూలు స్కాన్‌లో కనబడకపోవచ్చని, స్కాన్ నార్మల్ అయినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని అనకూడదని వివరించారు. చేత్తో పరీక్ష చేస్తే గర్భసంచి వెనక ఒకచోట ముట్టుకోగానే ప్రాణం పోయినట్టయింది. ఆ చోటే నా పుస్తకంలో గుర్తు పెట్టి ఉంది.

నొప్పి తగ్గించే హార్మోన్ మాత్రలు ఉన్నాయి, కానీ అవి వాడినంతకాలం మామూలుగా గుడ్డు విడుదల కాదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకు వాటివల్ల గర్భం వచ్చే అవకాశం పెరగదు. నా విషయంలో లాపరోస్కోపీ, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్, మేలన్నారు. వారం ఆలోచించుకుంటానని చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి మా ఆయనా నేనూ ఏమేం అడగాలో రాసుకుని, ఫోన్‌లో అడిగి, అప్పుడు సరేనన్నాం.

ఆపరేషన్‌లో గర్భసంచి వెనక మచ్చలు తీసేశారు. ఎడమ అండాశయం పక్క గోడకు అతుక్కుపోయి ఉంటే విడదీశారు. నీలం రంగు మందు ఎక్కించి చూస్తే రెండు ట్యూబులూ తెరిచే ఉన్నాయి. మత్తు దిగాక నన్ను బాధపెట్టింది కడుపు కాదు, కుడి భుజం. కెమెరా పెట్టడానికి పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ కొంత మిగిలిపోయి అలా నొప్పి పుట్టిస్తుందట. నర్సు వచ్చి "నొప్పి ఎంతమ్మా, పదికి?" అంటే, ఎవరి మొహమూ చూడకుండా "కడుపు నాలుగు, భుజం ఏడు" అన్నాను. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోయింది. ఆ చిన్న జవాబుకు నేనెంత సంతోషపడ్డానో మాటల్లో పెట్టలేను.

అత్త కాలినడక మొక్కు మొక్కుకుంది, నేను అలిపిరి మెట్లెక్కి కొండకు వస్తానని. ఆపరేషనైన కొన్నాళ్ళకే గుర్తు చేసింది. స్వామి మీద నాకూ భక్తి ఉంది. "తప్పకుండా ఎక్కుతాను అత్తా. ఎప్పుడన్నది నా ఒంటిని బట్టి నేను చెప్తాను" అన్నాను. కార్తీకం వెళ్ళాక ఒక తెల్లవారుజామున బయల్దేరాం. 3550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చోవాలనిపించిన ప్రతిచోటా కూర్చున్నాను. అత్త కూడా నా పక్కనే కూర్చుంది.

సంక్రాంతికి చిత్తూరు పోయినప్పుడు అమ్మా నేనూ అరుగు మీద అనపగింజలు పితుకుతున్నాం. ఎండోమెట్రియోసిస్ కొన్ని కుటుంబాల్లో తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ ఉండే అవకాశం ఎక్కువని డాక్టర్ చెప్పినట్టు మాటల్లో అన్నాను. నానిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు బయటికొస్తుంది, తొక్క చేతిలో మిగులుతుంది. అమ్మ చేయి ఆగింది. "నాకూ అట్లనే ఉండేది మే. మీ అమ్మమ్మకు చెప్తే, నోరు మూసుకోమనింది" అని, మళ్ళీ గింజలు పితకడం మొదలుపెట్టింది. కాసేపటికి, "నువ్వు అట్ల పడిపోతే నాకు తెలస్తానే ఉండె. ఏం చేయాల్నో తెలీలా" అంది. అమ్మ మీద నాకున్న కోపం ఆ పూట కరిగిపోయింది. చెల్లెలికి ఫోన్ చేసి, నీకు నెలసరిలో ఎలా ఉంటుందో నిజం చెప్పు అని అడిగాం, ఇద్దరం కలిసి.

నామీద నాకు నమ్మకం కుదిరిందంటే నాకు అనిపించిందల్లా నిజమవుతుందని కాదు. గుడ్డు విడుదలయ్యాక నెలసరి దాకా ఉండే రెండు వారాలు నాకు ఈ తేడా నేర్పాయి. రొమ్ములు సలపడం, పొత్తికడుపు లాగడం, నిద్ర ముంచుకురావడం, ఇవన్నీ ప్రొజెస్టిరాన్ వల్ల గర్భం ఉన్నా లేకున్నా వస్తాయి. ఆ రోజుల్లో ఒళ్ళు ఏ కబురూ చెప్పలేదు. అందుకే ఆ రెండు వారాలు లక్షణాలు రాయడం మానేశాను. డేట్ దాటాకే టెస్ట్ చేసుకుంటాను. ఒక్క గీత వచ్చిన రోజు ఏడుపొస్తే ఏడుస్తాను, అది కూడా పుస్తకంలో రాస్తాను. కానీ నా ఒళ్ళు పనికిరానిదని ఇప్పుడు రాయను.

నొప్పి పూర్తిగా పోలేదు. మొదటి రోజు మాత్ర ఇంకా కావాలి. గుడ్డు విడుదలయ్యే రోజుల్లో మాత్రం అలాంటి మాత్రలు వద్దని, కొన్నిసార్లు అవి విడుదలను అడ్డుకోవచ్చని డాక్టర్ చెప్పారు. బాత్రూమ్‌లో గోడ పట్టుకోవడం తప్పింది. స్కూల్లో ఆ రోజుల్లో సెలవు పెట్టడం దాదాపు లేదు.

గర్భం ఇంకా రాలేదు. దసరా దాకా ఇలాగే చూసి, రాకపోతే ఐవీఎఫ్‌కు వెళ్దామని మా ఆయనా నేనూ కూర్చుని అనుకున్నాం. ఎవరో భయపెడితే పరిగెత్తడం లేదు, పుస్తకంలో ఉన్నదీ డాక్టర్ చెప్పిందీ పక్కపక్కన పెట్టుకుని తీసుకున్న నిర్ణయం. ఖర్చు కోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. అత్తకు కూడా అంతా చెప్పాం. "సరే, దసరా దాకా నేను అడగను. ఎవురన్నా అడిగితే నేనే చెప్తా" అంది. మొన్న ఒక సీమంతంలో ఎవరో "విశేషమా?" అని మొదలుపెడితే, నేను నోరు తెరిచేలోపే ఆవిడే "ఉంటే మేమే చెప్తాం లేమ్మా, పోయి భోంచెయ్యి" అని పంపించేసింది.