థార్ కొనేముందు దాని కింద దూరి చూశాను

నాకు కావలసింది పాత మహీంద్రా థార్ జీపు, అంటే 2020లో కొత్త మోడల్ రాకముందు అమ్మిన 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్ బండి. మొదట చూసింది విశాఖలో, 2016 బండి. ఫొటోల్లో మెరిసిపోతోంది, ధర కూడా నాకు అందేలా ఉంది. ముందురోజే ఓనర్‌కి ఫోన్ చేసి, "అన్నా, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని బతిమాలాను, ఎందుకంటే చల్లారిన ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది. మెకానిక్ పని చేసే మా బాబాయిని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కాను.

దిగగానే బానెట్ మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, పొగ లేదు, ఆయిల్ మూత తీస్తే ఆవిరి తన్నుకురాలేదు. నా మనసు అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసింది. బాబాయ్ మాత్రం ఏమీ అనకుండా పట్టా పరిచి కిందకి దూరి, నన్నూ రమ్మన్నాడు.

కింద అంతా కొత్త నల్ల పెయింట్. "ఎనిమిదేళ్ల బండికి కింద ఇంత నలుపెందుకురా?" అని, స్క్రూ డ్రైవర్ పిడితో ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లాడు. టంగ్ టంగుమని మోగుతున్న శబ్దం, వెనక కమాన్ కట్ట బిగించే చోటికి వచ్చేసరికి చచ్చుబడిపోయింది. మొనతో గీరితే పెయింట్ కింద నుంచి తుప్పు అప్పడంలా పొరలు పొరలుగా ఊడి నా మొహం మీద పడింది. తర్వాత ఓనర్‌ని అడిగి ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) కింద ఆయిల్ తీసే డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేశాడు. రాత్రంతా కదలని బండిలో నీరు ఆయిల్ కిందకి దిగి ఉంటుంది కాబట్టి ముందు అదే రావాలి, అలాగే నాలుగు చుక్కలు నీళ్లు కారి, వెనకే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ వచ్చింది. అప్పుడు ఓనర్ ఒప్పుకున్నాడు, సరదాగా బీచ్‌లో అలల్లోకి దింపేవాళ్లమని. ఆయిల్ మార్చుకోవచ్చు, బేరింగులు కూడా వేయించుకోవచ్చు, కానీ ఉప్పు తిన్న ఛాసిస్‌ని ఏం చేస్తాం? వచ్చే దారంతా ఏడుపొక్కటే తక్కువ నాకు.

మూడు నెలల తర్వాత తాడిపత్రిలో 2017 బండి దొరికింది. పెయింట్ వెలిసింది, సీట్లు చిరిగాయి, కింద మాత్రం పాత దుమ్మూ గ్రీజూ తప్ప ఏమీ లేదు, నాకు అదే ముద్దుగా కనిపించింది. ఇంజన్ శక్తిని చక్రాల వైపు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పితే వెనక క్రాస్ (షాఫ్ట్ కీలు) దగ్గర చిన్న టక్, అది మార్చుకునే ఖర్చు ధరలో తగ్గించుకున్నాం. ఫోర్ బై ఫోర్‌ని, అంటే నాలుగు చక్రాలూ లాగే గేరుని, తారు రోడ్డు మీద వేసి మలుపులు తిప్పకూడదు, చక్రాలు జారే వీలు లేక లోపల గేర్లు బిగుసుకుంటాయి. అందుకే పెన్నా ఇసుకలోకి తీసుకెళ్లాం. బండి ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చిన్న లివర్‌ని 'ఫోర్ లో' (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరు) లోకి లాగితే మొండికేసింది, ఏళ్ల తరబడి ఎవరూ వాడలేదట. నాలుగైదుసార్లు అటూ ఇటూ వేశాక కూర్చుంది. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదిలాను, నాలుగు చక్రాలూ నెమ్మదిగా ఇసుకని కొరుక్కుంటూ కదిలాయి. బాబాయ్ పక్కనే నడుస్తూ, ముందు చక్రాలు కూడా లాగుతున్నాయో లేదో వంగి చూసి బొటనవేలు పైకెత్తాడు.

కాగితాల్లో ఛాసిస్ నంబర్‌ని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకున్నాను. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. అది తీయించి, తెలంగాణకి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను, బండి ఓనర్ పెద్దాయన సరేనన్నారు. ఎన్‌ఓసీ వచ్చిన రోజు నేనే వెళ్లి బండి తెచ్చుకున్నాను. సీట్లు ఇంకా కుట్టించలేదు, అన్నిటికంటే ముందుగా ఆ వెనక క్రాస్ మార్పించాను.