వెయ్యిలో ఒక్క వనేడియం: నా అనుభవం

పీహెచ్‌డీలో నాకు అప్పజెప్పిన మొదటి పని చూడటానికి చిన్నదే. వనేడిల్ థాలోసయనైన్ అనే నీలం పొడిలో స్పిన్ (ఎలక్ట్రాన్‌ని బుల్లి అయస్కాంతంలా చేసే గుణం) ఎంతసేపు లయ తప్పకుండా ఉంటుందో, అంటే టీ2 ఎంతో, కొలవాలి. ఆ అణువులో వనేడియం దగ్గర జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అదే మా క్యూబిట్, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే చిన్న యూనిట్. ఇటలీలోని ఫ్లోరెన్స్ బృందం 2016లో గది ఉష్ణోగ్రత దగ్గర 0.83 మైక్రోసెకన్లు చూపించింది. వాళ్లకు వచ్చింది, నాకు రాదా అనుకున్నాను.

రాలేదు. పొడిని క్వార్ట్జ్ ట్యూబులో నింపి పల్స్‌డ్ ఈపీఆర్‌లో, అంటే అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్ పల్స్‌లతో స్పిన్‌లను కదిపి చూసే మెషీన్‌లో, పెట్టాను. 16 నానోసెకన్ల పల్స్, కాస్త విరామం, 32 నానోసెకన్ల పల్స్. మళ్లీ అంతే విరామం తర్వాత ఎకో, అంటే స్పిన్‌లన్నీ మళ్లీ ఒక లయలోకి వచ్చి ఇచ్చే సిగ్నల్, లేవాలి. స్క్రీన్ మీద గీత చదునుగా పడుకుంది. రెండు రోజులు మెషీన్‌ని తిట్టుకుంటూ ట్యూనింగ్, ఫేజ్, ఫీల్డ్ అన్నీ కదిపాను.

మా సీనియర్ అక్క వచ్చి ట్యూబు వంక చూసింది. "ఏంటే, ఇంత చిక్కగా పెట్టావు? ముందు పక్కింటివాళ్ల గోల తగ్గించు" అంది.

నిజమే. ప్రతి వనేడియమూ ఒక బుల్లి అయస్కాంతం. పక్కవాటిని కుదుపుతూనే ఉంటుంది. పల్స్ అయ్యాక సుమారు 100 నానోసెకన్లు డిటెక్టర్‌కి ఏమీ కనబడదు. నా ఎకో ఆలోపే చచ్చిపోతోంది.

అందుకని పలచన చేయాలి. అదే ఆకారంలో ఉండి, జతలేని ఎలక్ట్రాన్ లేని టైటానిల్ థాలోసయనైన్‌లో వనేడిల్‌ని వెయ్యికి ఒక వంతు కలపాలి. రెండింటినీ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి మంచునీళ్లలో చుక్కచుక్కగా పోశాను. పాలు విరిగినట్టు నీలంగా విరిగింది. అసలు నరకం ఆ తర్వాతే. పొడి ఎంత మెత్తనంటే ఫిల్టర్ మూసుకుపోయింది. ఆమ్లం పూర్తిగా పోయేదాకా కడగడానికి రాత్రంతా పట్టింది. వారం రోజులు గోళ్లు నీలమే. అమ్మ వీడియో కాల్‌లో చూసి "నెయిల్ పాలిషా?" అంది.

ఈసారి హీలియంతో చల్లబరిచాక ఎకో నిటారుగా లేచింది. వనేడియం కేంద్రకం వల్ల స్పెక్ట్రమ్ ఎనిమిదిగా చీలుతుంది. అందులో పొడవైన గీతనే ఎంచుకున్నాను. తగ్గుతున్న వక్రం మీద అలలు కనబడితే నాయిస్ అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అవి చుట్టూ ఉన్న నైట్రోజన్, హైడ్రోజన్ కేంద్రకాల పని.

మెల్లగా వేడి పెంచుతూ 300 కెల్విన్ దాకా, అంటే గది ఉష్ణోగ్రత దాకా, వచ్చాను. మైక్రోసెకను లోపే అయినా, ఎకో ఉంది! గ్రాఫ్ పంపిస్తే సార్ జవాబు ఒక్క ముక్క: "టీ1?" అంటే, కుదిపిన స్పిన్ తిరిగి మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం ఎంత అని.

డివార్‌లో (చల్లటి ద్రవాన్ని దాచే పెద్ద ఫ్లాస్కులో) హీలియం ఇంకా కొంచెం ఉంది. మళ్లీ చల్లబరచడం మొదలుపెట్టాను.