పాత మెయిల్ సర్వర్ ఆపే ముందు దాని లాగ్ ఫైళ్లు చదవండి

మాది పత్తి వ్యాపారం. హెడ్డాఫీసు వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో. జిన్నింగ్ మిల్లులు జమ్మికుంటలో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. కంపెనీ మెయిల్ అంతా మా ఆఫీసులోనే ఉన్న ఎక్స్చేంజ్ 2016 (మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) మీద నడిచేది. దాని కింద విండోస్ సర్వర్ 2012 ఆర్2. ఆ విండోస్‌కు సపోర్ట్ 2023 అక్టోబరులోనే అయిపోయింది. ఎక్స్చేంజ్ 2016కు 2025 అక్టోబరు 14 వరకే గడువు ఉండేది. అంటే దసరా వెళ్లి, మార్కెట్‌కు కొత్త పత్తి దిగే రోజులు. రేట్లు, లారీ వివరాలు, బ్యాంకు కాగితాలు అన్నీ మెయిల్ మీదే తిరిగే ఆ కాలంలో సర్వర్ జోలికి వెళ్లడం కుదరదు. అందుకే మిల్లులు ఖాళీగా ఉండే వానాకాలంలోనే పని ముగించాలని పట్టుబట్టాను.

"మంచిగనే నడుస్తుంది గదా, ఎందుకు కదిలియ్యాలె?" అని మా సేటు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2021 మార్చిలో ప్రాక్సీలాగాన్ లోపాలు బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఎక్స్చేంజ్ సర్వర్లలోకి హ్యాకర్లు పాస్‌వర్డ్ అవసరం లేకుండానే దూరారు. అప్పుడు ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ కంపెనీ నుంచి వచ్చింది కాబట్టి బతికాం. గడువు దాటాక అలాంటిదే వస్తే ఆ భరోసా ఉండదని చెప్పాను. సరే, కానియ్ అన్నారు.

ఎక్స్చేంజ్ కొత్త వెర్షన్ పేరు సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్. 2025 జూలై 1న వచ్చిన దానికి ఎక్స్చేంజ్ 2019 ఉన్నవాళ్లు అదే మెషీన్ మీద మారొచ్చు. 2016 ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. కొత్త మెషీన్ పెట్టి, రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కన నడిపి, మెయిల్‌బాక్సులు ఒక్కొక్కటే తరలించాలి. ఈ తరలింపుకు జనం భయపడతారు గానీ అంత భయం అక్కర్లేదు. పగలంతా కాపీ అవుతుంటే మనిషి తన పని తను చేసుకుంటూనే ఉంటాడు. 95 శాతం దగ్గర ఆగేలా పెట్టి, మిగతాది రాత్రి పూర్తి చేయొచ్చు. పొద్దున అవుట్‌లుక్ ఒకసారి మూసి తెరవమంటుంది, అంతే.

కన్నేసి ఉంచాల్సింది డిస్కు మీద. తరలించే ప్రతి మెయిల్‌కూ కొత్త సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్, అంటే జరిగిన ప్రతి మార్పు నమోదయ్యే ఫైలు, రాసుకుంటుంది. డిస్కు నిండే దాకా వస్తే బయటి మెయిళ్లు తీసుకోవడమే ఆపేస్తుంది. ఫుల్ బ్యాకప్ అయ్యాక ఆ లాగ్స్ ఖాళీ అవుతాయి. అందుకని ముందు కొన్ని మెయిల్‌బాక్సులు, తర్వాత బ్యాకప్, అది అయ్యాకే మళ్లీ ఇంకొన్ని.

మనుషుల మెయిల్ ఇలా తేలిగ్గానే వెళ్లిపోయింది. అసలు పని యంత్రాల మెయిల్‌తో. స్కానర్లు, సీసీ కెమెరాల డీవీఆర్, యూపీఎస్... ఇవి కూడా వాటంతటవే మెయిళ్లు పంపుతాయి, ఆగిపోతే మాత్రం ఎవరికీ ఫిర్యాదు చేయవు. పాత సర్వర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) వాటిలో ఎవరో ఎప్పుడో కొట్టి వదిలేసి ఉంటారు. అందుకే పాత సర్వర్‌లో మెయిల్ వచ్చే దారులైన రిసీవ్ కనెక్టర్ల మీద, ఎవరు వచ్చారో ఫైల్లో రాసిపెట్టే ప్రోటోకాల్ లాగింగ్ ఆన్ చేసి, మెయిల్‌బాక్సులన్నీ వెళ్లిపోయాక కూడా దాన్ని నడవనిచ్చాను. రోజూ ఆ ఫైళ్లు తెరిచి ఏ ఐపీ నుంచి ఎవరు తలుపు తడుతున్నారో చూసేవాణ్ని.

ఒక సాయంత్రం జమ్మికుంట వైపు ఐపీ ఒకటి కనిపించింది. మా లిస్టులో లేదు. మిల్లుకు ఫోన్ చేస్తే అక్కడి గుమస్తా కుర్రాడు వెంటనే చెప్పాడు.

"అది కాంటా కంప్యూటర్ అన్నా. దినాం తూకం చిట్టీలు అకౌంట్స్‌కు మెయిల్ పోతయి."

"మిల్లు బంద్ ఉంది గదా తమ్మీ, ఇప్పుడేం తూకం?"

"ఏం లేకున్నా సున్నా అని పోతది."

ఆ సున్నా రిపోర్టే లేకపోతే నాకు తెలిసేదే కాదు. సీజన్‌లో ఆ చిట్టీలు చూసే రైతులకు డబ్బులు లెక్క కడతారు. అవి రాకపోతే ఎండలో ట్రాక్టర్ దగ్గర నిలబడేది రైతు. సర్వర్ మార్చే మనకు ఇది కంటికి కనిపించదు కాబట్టి, వెతికి చూడాల్సిన బాధ్యత మనదే అని నేను గట్టిగా నమ్ముతాను.

కాంటా సాఫ్ట్‌వేర్ పాతది, లాగిన్ అయ్యి మెయిల్ పంపడం దానికి రాదు. కొత్త సర్వర్‌లో దాని కోసం విడిగా ఒక కనెక్టర్ పెట్టి, ఆ ఒక్క ఐపీకే అనుమతి ఇచ్చాను. కుర్రాడితో కాంటా మీద ఖాళీ ట్రాలీ పెట్టించి, చిట్టీ అకౌంట్స్‌కు చేరిందని చూసుకున్నాం. లాగ్‌లో కొత్త ఐపీలు రావడం ఆగాక, పాత ఎక్స్చేంజ్‌ను పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి ఆ మెషీన్ తీసేశాను. ఊరికే స్విచ్ ఆపేస్తే యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ కంప్యూటర్లు, యూజర్ల జాబితా ఉండే చోటు) దాని పేరు అలాగే ఉండిపోతుంది.