ఎలూల్ నెలలో అక్కకు ఫోన్

తెల్లవారుజామున నాలుగింటికే మా వీధి చివర సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) లైట్లు వెలుగుతున్నాయి. ఇజ్రాయెల్‌లోని రమత్ గాన్‌లో నేను పనిగా చూసుకునే సవ్తాకు (నానమ్మనైనా అమ్మమ్మనైనా ఇక్కడ అలాగే పిలుస్తారు) 85 ఏళ్ళు. 1951లో, పదేళ్ళ పిల్లగా, బాగ్దాద్ నుంచి విమానంలో వచ్చింది. ఇరాక్ యూదులు కొత్త ఏడాదికి ముందు ఎలూల్ నెలంతా, శనివారాలు తప్ప, చీకటితోనే లేచి సెలిఖోత్ ప్రార్థనలు చదువుతారు. మధ్యలో షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు. సవ్తా అంత దూరం నడవలేదు. కిటికీ తెరవమంటుంది. ఇద్దరం టీ తాగుతూ వింటాం.

బస్సులో ఎవరికైనా చెయ్యి తగిలితే "స్లిఖా" అంటాం. ఇక్కడికి వచ్చాక నేను నేర్చుకున్న మొదటి మాట అదే. ఈ ప్రార్థనల పేరు కూడా ఆ మాటే. హోటల్లో బిల్లును "హెష్బోన్" అంటారు. ఈ నెలలో మనిషి తన లెక్క తాను చూసుకోవడాన్ని "హెష్బోన్ నెఫెష్" అంటారు, అంటే ప్రాణం లెక్క. లెక్క రాయడం నాకు అలవాటే. ఆరేళ్ళుగా ఇంటికి పంపిన ప్రతి రూపాయీ నోట్‌బుక్‌లో ఉంది. అక్క నా బిడ్డకు వేసిన జడలు, జ్వరం వచ్చినప్పుడు మేల్కొన్న రాత్రులు అందులో ఎక్కడా లేవు.

పోయిన వారం సవ్తా నా చెయ్యి పట్టుకుని, "ఈ ఏడాది నీ మీద చాలాసార్లు అరిచాను, నన్ను క్షమించు" అంది. నేను పర్లేదన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పర్లేదు అనకు. క్షమించానని చెప్పు, లేదా ఇంకా బాధగా ఉందని చెప్పు." దేవుడి పట్ల చేసిన తప్పును ప్రాయశ్చిత్త దినమైన కిప్పూర్ నాటి ఉపవాసం కడుగుతుంది. మనిషికి చేసిన తప్పును మాత్రం ఆ మనిషి మన్నించేదాకా ఏ ఉపవాసమూ కడగదు. వాళ్ళ ధర్మంలో ఈ మాట చాలా పాతది. ఒప్పుకోకపోతే మూడుసార్లు వెళ్ళి అడగాలట.

క్షమించానని చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన ఏడాది బిడ్డకు మార్కులు తగ్గినప్పుడు అక్కతో, "నా పైసలతోనే బతుక్కుంట నా బిడ్డను కూడ చూసుకోవస్తలేదా?" అన్నాను. అక్క తిరిగి ఏమీ అనలేదు. అప్పటినుంచి నేను ఫోన్ చేస్తే ఎత్తి, నేరుగా బిడ్డకే ఇచ్చేస్తుంది.

నిన్న షోఫార్ అయిపోగానే చేశాను. జగిత్యాలలో ఏడు దాటింది. వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. "అక్కా, ఫోన్ బిడ్డకియ్యకు, నీతోనే పనుంది" అన్నాను. అప్పుడన్న మాటను మళ్ళీ పలికి, తప్పయింది, క్షమించు అన్నాను. అలా మళ్ళీ పలకడమే అన్నిటికంటే కష్టమైంది.

చీపురు చప్పుడు ఆగింది. "ఎప్పటి ముచ్చటనో ఇప్పుడెందుకే" అంది.

"అట్ల కాదక్కా. క్షమించినవా, లేదా?"

చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లకు టిఫిన్ పెట్టాలె. మల్ల మాట్లాడుదం" అని పెట్టేసింది.

సెప్టెంబర్ 11 సాయంత్రం యూదుల కొత్త ఏడాది 5787 మొదలవుతుంది. ఆ రాత్రి పళ్ళెంలో ఖర్జూరాలు, దానిమ్మ, గుమ్మడితో పాటు మన బొబ్బర్లు కూడా ఉంటాయి. వాటిని వీళ్ళు లూబియా అంటారు. పోయిన ఏడాది నేనే ఉడకబెట్టాను, ఎలా ఉడికాయని అక్కకు ఫోటో పంపబోయి ఆగిపోయాను.

రేపు కూడా నాలుగింటికి అలారం పెట్టుకున్నాను.